కార్పెట్‌కి అంటిన స్లైమ్: ముందు పులుపు, తర్వాతే సబ్బు

ఎండాకాలం సెలవులు మొదలయ్యాక నెల్లూరు, ఒంగోలు ఇళ్ళలో మధ్యాహ్నం పూట పిల్లల్ని గడప దాటనివ్వరు. రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే ఎండ. తలుపులు మూసి, కూలరో ఏసీయో వేసి, హాల్లో కార్పెట్ మీద కూర్చోబెడితే ఆ నాలుగు గంటలూ గడవడానికి చేతిలో ఏదో ఒకటి ఉండాలి. కొన్నేళ్ళుగా చాలా ఇళ్ళలో ఆ ఏదో ఒకటి స్లైమ్, పిల్లలు చేత్తో పిసికి సాగదీసే బంకముద్ద. ఫ్యాన్సీ షాపుల్లో చిన్న డబ్బాల్లో దొరుకుతుంది. లేదంటే ఫోన్లో వీడియో చూసి పిల్లలే కలిపేసుకుంటారు. సాయంత్రానికి అందులో ఒక ముద్ద కార్పెట్ నూలులోకి దిగి ఉంటుంది.

ఆ తర్వాత జరిగేది దాదాపు అన్ని ఇళ్ళలోనూ ఒకటే. బకెట్లో వేడినీళ్ళు, గుప్పెడు సబ్బుపొడి, బట్టల బ్రష్షు. పది నిమిషాలు గట్టిగా రుద్దాక ముద్ద పోదు సరికదా, రూపాయి బిళ్ళంత ఉన్నది అరచెయ్యంత అవుతుంది. రుద్దినవాళ్ళను తప్పుపట్టడానికి లేదు. పప్పు, నూనె, మట్టి లాంటి వాటికి ఆ పద్ధతి బాగానే పనిచేస్తుంది. స్లైమ్ దగ్గర మాత్రం అదే పద్ధతి ఎదురుతిరుగుతుంది. ఎందుకో తెలియాలంటే ఆ ముద్ద దేంతో తయారైందో చూడాలి.

స్లైమ్‌లో ముఖ్యమైన సరుకులు రెండే. ఒకటి జిగురు. చెక్కకూ కాగితానికీ వాడే తెల్ల జిగురులో ఉండేది పాలీవినైల్ అసిటేట్. నీళ్ళలా తేటగా కనిపించే జిగుర్లలో చాలావాటిలో ఉండేది పాలీవినైల్ ఆల్కహాల్. రెండోది బోరాక్స్. ఇది మనకు కొత్త వస్తువేమీ కాదు, బంగారం పనివాళ్ళు అతుకు పెట్టేటప్పుడు వేసే వెలిగారమే. అది లేని చోట పిల్లలు కాంటాక్ట్ లెన్సుల ద్రావణమో, క్యారమ్స్ బోర్డు మీద చల్లే బోరిక్ పౌడరో తెచ్చి వంటసోడా కలుపుతారు. దారి వేరైనా చివరికి అందేది బోరాక్స్‌లో ఉండే బోరేట్ అనే పదార్థమే. 1976లో అమెరికాలో మాటెల్ కంపెనీ బొమ్మగా అమ్మిన స్లైమ్‌లో జిగురు బదులు గ్వార్ గమ్ వాడారు. గ్వార్ అంటే మనం కూర వండుకునే గోరుచిక్కుడే. దాని గింజల బంకను బోరాక్స్‌తో కలిపితే కూడా అదే సాగే ముద్ద వస్తుంది.

జిగురులోని అణువులు పొడుగాటి దారాల్లా ఉంటాయి. కల్లంలో విడిగా పడున్న వరిగడ్డిలా ఒకదాని మీద ఒకటి జారుతూ ఉంటాయి కాబట్టి జిగురు పారుతుంది. బోరేట్ వచ్చి ఈ దారాన్నీ ఆ దారాన్నీ అక్కడక్కడా కలిపి కట్టు వేస్తుంది. విడిగడ్డి మోపవుతుంది. అయితే ఈ కట్లు గట్టివి కావు. ఒకచోట ఊడుతుంటే ఇంకోచోట పడుతుంటాయి. అందుకే స్లైమ్‌ని టక్కున లాగితే పుటుక్కున తెగుతుంది. నెమ్మదిగా లాగితే తీగపాకంలా సాగుతుంది. వదిలేస్తే దాని బరువుకు అదే కిందికి పారుతుంది. కార్పెట్ మీద పడినప్పుడు నష్టం చేసేది ఈ చివరి గుణమే. పడిన వెంటనే అది నూలు కొసల మీదే ఉంటుంది. చూడకుండా ఒక పూట వదిలేస్తే పోగుల సందుల్లోంచి దిగి అడుగు గుడ్డ దాకా పోతుంది.

ఈ కట్లన్నీ నిలబడేది క్షారంలో. పులుపు తగలగానే బోరేట్ మామూలు బోరిక్ ఆమ్లంగా మారిపోతుంది, దారాలను పట్టుకునే శక్తి పోతుంది. ఇది కళ్ళతో చూడాలంటే రెండు స్టీలు గిన్నెలు చాలు. రెండింటిలోనూ గోలీకాయంత స్లైమ్ వేసి, ఒకదానిలో రెండు చెంచాల వెనిగర్, రెండోదానిలో రెండు చెంచాల సబ్బునీళ్ళు పోసి పుల్లతో కలపాలి. సబ్బునీళ్ళ గిన్నెలో ముద్ద ముద్దగానే ఉండి, పుల్లకు చుట్టుకుని పైకి లేస్తుంది. వెనిగర్ గిన్నెలో మొదట అంచులు కరుగుతాయి, ముద్ద చుట్టూ పాలలాంటి తెలుపు తేలుతుంది. కలిపేకొద్దీ సాగే గుణం పోయి, చివరికి పుల్ల పైకెత్తితే గంజిలా చుక్కలు చుక్కలుగా కారుతుంది. ఇప్పుడు అదే గిన్నెలో చిటికెడు చిటికెడుగా వంటసోడా వేస్తూ పోతే నురగ వచ్చి, పులుపు విరిగాక, ఆ గంజి మళ్ళీ చిక్కబడి బంకగా మారడం మొదలుపెడుతుంది. ఊడిన కట్లు తిరిగి పడుతున్నాయన్నమాట.

ఈ ఒక్క ప్రయోగంతో చాలా సంగతులు తేలిపోతాయి. బట్టల సబ్బుపొడిలో ఉతుకుడు సోడా ఉంటుంది, అది క్షారం. అంటే మనం ఇంతసేపూ బ్రష్షుతో రుద్దింది కట్లను బిగించే మందునే. వెనిగర్‌లో వంటసోడా కలిపి పూయమని చెప్పే చిట్కా కూడా ఇందుకే పనికిరాదు. ఒకదాన్నొకటి విరిచేసుకుంటాయి, మిగిలేది నురగ. ఆ నురగ చూసి మందు పనిచేస్తోందనుకుంటాం. అలాగని సబ్బు అసలే వద్దని కాదు. దాని వంతు చివర్లో, కట్లన్నీ ఊడిపోయాక.

పులుపు పోసే ముందు చేతికి వచ్చినంత ముద్దను తీసేయాలి. ఎంత తక్కువ మిగిలితే అంత తక్కువ తడి చాలు. ఇక్కడ మన వేడి ఒక అడ్డంకి. తెల్ల జిగురులోని పాలీవినైల్ అసిటేట్ సుమారు 30 నుంచి 40 డిగ్రీల మధ్య బిరుసుతనం పోయి మెత్తబడుతుంది. మే నెలలో మన హాల్లో, అందులోనూ పైఅంతస్తు స్లాబు కింద, ఉండేది దాదాపు ఆ వేడే. చల్లటి ఊళ్ళలో ఆరిన స్లైమ్ అప్పడంలా విరుగుతుందేమో గాని, ఇక్కడ తోలులా సాగుతుంది. అందుకని ముందు ఐస్. ఫ్రిజ్‌లోని ఐస్ ముక్కల్ని ప్లాస్టిక్ కవర్లో వేసి, మూతి గట్టిగా కట్టి, ముద్ద మీద పది, పదిహేను నిమిషాలు ఉంచాలి. కవర్ లేకుండా పెడితే కరిగిన నీళ్ళు కార్పెట్‌లోకి దిగి ముద్దను మెత్తబరుస్తాయి.

గట్టిపడ్డాక గీకడానికి కత్తి వద్దు, పోగులు తెగుతాయి. అంచు మొద్దుగా ఉన్న చెక్క చెంచా మంచిది. ఉదయగిరి చెక్క గరిటెలూ స్పూన్లూ నెల్లూరు జిల్లాలో చాలా ఇళ్ళలో ఉంటాయి. వంటకు పనికిరాకుండా పక్కన పడేసిన పాతది ఒకటి దీనికి సరిగ్గా సరిపోతుంది. పాత ఏటీఎం కార్డు అంచు కూడా ఫర్వాలేదు. గీకడం ఎప్పుడూ బయటి అంచు నుంచి లోపలికే, ప్రతి గీతకూ చెంచాను కాగితానికి తుడుస్తూ. లోపలి నుంచి బయటికి గీకితే శుభ్రంగా ఉన్న పోగులకు కూడా పూసినట్టవుతుంది. ముద్ద మళ్ళీ మెత్తబడితే మళ్ళీ ఐస్ పెట్టడమే. తడి స్లైమ్ మీద వాక్యూమ్ క్లీనర్ మాత్రం పెట్టకూడదు, గొట్టంలో ఇరుక్కుంటే అదొక కొత్త టెన్షన్.

ఇక పులుపు సంగతి. కిరాణా కొట్లో దొరికే తెల్ల వెనిగర్‌లో నాలుగైదు శాతం ఎసిటిక్ ఆమ్లం ఉంటుంది. దాన్ని నీళ్ళు కలపకుండా అలాగే వాడొచ్చు. రంగు వెనిగర్లు వద్దు. వెనిగర్ వాసన పడనివాళ్ళకు నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ ఆమ్లం, ఇంకా మంచిది. 100 మిల్లీలీటర్ల నీళ్ళకు ఒక టీస్పూను నిమ్మ ఉప్పు కరిగిస్తే దాదాపు అంతే పులుపు వస్తుంది. రంగు ఉండదు, ఘాటు ఉండదు, ధర కూడా తక్కువే. పొదలకూరు, గూడూరు నిమ్మ మార్కెట్లు పక్కనే ఉన్న జిల్లాలో నిమ్మకాయలకు కరువు లేదు కాబట్టి, అవే పిండితే పోలేదా అనిపించడం సహజం. పని జరుగుతుంది. నిమ్మరసంలో ఉండేదీ సిట్రిక్ ఆమ్లమే. కాకపోతే అందులో చక్కెర, తొన పీచు కూడా ఉంటాయి. అవి పోగుల్లో మిగిలితే ఆరాక ఆ చోటు జిగటగా ఉండి దుమ్ము పట్టి నల్లబడుతుంది. నిమ్మరసమే వాడాల్సి వస్తే పలచని గుడ్డలో వడగట్టి, తర్వాత రెండుసార్లు ఎక్కువ తుడవాలి. చింతపండు మాత్రం వద్దు. ఇత్తడి బిందెను తళతళలాడించే చింతపండు కార్పెట్‌కి పోని మరక పెడుతుంది.

పులుపు పోయబోయే ముందు కార్పెట్ కింద ఏముందో కూడా చూసుకోవాలి. దీన్ని చాలామంది పట్టించుకోరు. చీమకుర్తి నల్ల గ్రానైటు పరిచిన ఇంట్లో నాలుగు చుక్కలు కిందికి దిగినా వెంటనే తుడిస్తే ఏమీ కాదు. కడప బండలూ పాలరాయీ అలా కాదు, రెండూ సున్నపు రాళ్ళ జాతివి. వెనిగరైనా నిమ్మ ఉప్పైనా తగిలిన చోట బుసబుస పొంగి, నిగారింపు పోయి, తెల్లటి మచ్చ పడుతుంది. అది తుడిస్తే పోదు, మళ్ళీ పాలిష్ పట్టించాలి. కార్పెట్ కింద ఒక పాలిథీన్ షీటు, దాని మీద పాత తువ్వాలు మడిచి పెట్టుకుంటే ఈ బాధ ఉండదు. పైన పోసింది కింది తువ్వాలు పీల్చుకుంటుంది కూడా.

కార్పెట్ ఏ నూలుదో చూడడం వీటన్నిటికన్నా ముఖ్యం. ఇప్పుడు ఇళ్ళలో సోఫాల ముందు వేసే మిషన్ కార్పెట్లు చాలావరకు పాలీప్రొపిలీన్‌వి, కొన్ని పాలిస్టర్‌వి. ఇవి నీటినీ, నీటిలో కలిసే రంగులనూ పెద్దగా పీల్చుకోవు. స్లైమ్ పడితే అదృష్టవశాత్తూ పడాల్సిన చోటే పడిందనుకోవచ్చు. జంపఖానా అయితే నూలు బట్టే. బొచ్చు ఉండదు కాబట్టి స్లైమ్ ఒక వైపు నుంచి రెండో వైపుకి దిగిపోతుంది. అయినా రెండు వైపుల నుంచీ పులుపు పెట్టొచ్చు, చివర్లో మొత్తం ఉతికేయొచ్చు. దానిలో రంగు చారలు దిగుతాయేమో మాత్రం ముందే చూసుకోవాలి. ఏ కార్పెట్‌కైనా కనపడని మూల ఒక చుక్క వెనిగర్ వేసి, తెల్లగుడ్డతో నిమిషం సేపు అదిమి, గుడ్డకు రంగు అంటిందో లేదో చూశాకే ముందుకు పోవాలి.

చిక్కంతా ఉన్ని తివాచీతో, నైలాన్ కార్పెట్‌తో. స్లైమ్‌లో కలిపేవి ఎక్కువగా మిఠాయిల్లో వేసే రంగుల్లాంటివి. ఈ రంగులు ఉన్నికి పట్టాలంటే కావలసింది పులుపే. ఉన్నికి రంగు వేసేవాళ్ళు నీళ్ళలో ఆమ్లం కలిపేది అందుకే. పులుపు తగిలితే ఉన్ని పోగు మీద ధన ఆవేశం పెరుగుతుంది, రంగు అణువు మీద ఉండేది రుణ ఆవేశం, రెండూ అతుక్కుంటాయి. అంటే స్లైమ్‌ని విప్పే మందే దాని రంగును పోగుకు అంటించే మందు కూడా. ఏలూరు తివాచీ లాంటి ఉన్ని మీద ఎర్ర స్లైమ్ పడినప్పుడు వెనిగర్ పోసి అరగంట వదిలేస్తే బంక పోయి ఎరుపు మిగిలేది ఇందువల్లే. వేడి తోడైతే ఇంకా గట్టిగా పడుతుంది. అలాంటి చోట ఐస్, చెంచాలతోనే వీలైనంత తీసేయాలి. ఫ్రిజ్‌లో చల్లబరిచిన పులుపునీళ్ళను కొంచెం కొంచెంగా పెట్టి, ఐదు నిమిషాలకు మించకుండా పీల్చేయాలి. ఖరీదైన చేనేత తివాచీ అయితే ముద్ద గీకేసి, మిగతాది తివాచీలు శుభ్రం చేసే పనివాళ్ళకు వదిలేయడమే మంచిది. ఇచ్చేటప్పుడు పడింది స్లైమ్ అని, ఇంట్లో ఏం పూశారో కూడా చెప్పాలి. చెప్పకపోతే వాళ్ళు కూడా వేడినీళ్ళతోనే మొదలుపెట్టొచ్చు.

మామూలు మిషన్ కార్పెట్‌కి అసలు పని ఇలా సాగుతుంది. గీకగా మిగిలిన బంక మీద చెంచాతో వెనిగర్ వేస్తూ పోగులు తడిసేదాకా ఆగాలి. అరచెయ్యంత చోటుకి 100 మిల్లీలీటర్లు ఎక్కువే. పైన తడిగుడ్డ కప్పి పది, పదిహేను నిమిషాలు వదిలేస్తే, వేలితో తాకినప్పుడు తీగ సాగడం ఆగిపోయి జారుడుగా తగులుతుంది. ఆ జారుడు తెలిసేదాకా గుడ్డతో అదమొద్దు. తెలిశాక తెల్లటి నూలుగుడ్డను మడిచి నిటారుగా అదిమి, ఎత్తి, శుభ్రమైన మడత మార్చి మళ్ళీ అదమాలి. రుద్దితే కరిగింది పక్కకు పాకుతుంది, అదిమితే పైకి వస్తుంది. బంక ఇంకా ఉంటే మళ్ళీ వెనిగర్, మళ్ళీ అదమడం. రెండు మూడు విడతలు మామూలే.

ఇక్కడ తొందరపడి నీళ్ళు పోయకూడదు. కరిగిన స్లైమ్ పోగుల్లో ఉండగానే బకెట్ నీళ్ళు కుమ్మరిస్తే పులుపు పలచబడిపోతుంది, బోరేటూ జిగురూ మాత్రం అక్కడే ఉంటాయి. ఆ మీద సబ్బు కూడా పడితే గిన్నెలో చూసిందే కార్పెట్ అడుగున జరుగుతుంది. గుడ్డకు తెల్లటి జిడ్డు రావడం పూర్తిగా ఆగాకే నీళ్ళు. ఆ నీళ్ళలో గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు వేసి, గుడ్డ ముంచి పిండి తుడిస్తే మిగిలిన రంగు కూడా దిగుతుంది. సబ్బు వంతు ఇదే.

ఆ తర్వాత మంచినీళ్ళతో రెండుసార్లు తడిగుడ్డ పెట్టాలి. ఏ నీళ్ళన్నది పాత ప్రకాశం జిల్లాలో చిన్న ప్రశ్న కాదు. కనిగిరి, పామూరు, పొదిలి వైపు బోరు నీళ్ళ సంగతి వేరే చెప్పక్కర్లేదు. చాలాచోట్ల గీజరు రాడ్డు మీద తెల్లటి పెచ్చు కట్టే కఠిన జలమే వస్తుంది. అలాంటి నీళ్ళలో బిళ్ళ సబ్బు వాడితే నురగ రాకుండా తెట్టు కడుతుంది. ఆ తెట్టు పోగుల్లో ఆరితే కార్పెట్ గరుకుగా తయారవుతుంది. స్లైమ్ పోలేదేమో అనుకుని జనం మళ్ళీ రుద్దేది చాలాసార్లు ఈ తెట్టునే. చివరి తుడుపు వరకైనా ఇంట్లో తాగే క్యాన్ నీళ్ళు వాడితే మేలు. ఒక లీటరు చాలు.

ఎప్పుడో పడి ఎండిపోయిన స్లైమ్‌లో నీరంతా పోయి ప్లాస్టిక్ పొరలా మిగులుతుంది. ముందు ఐస్‌తో బిరుసెక్కించి, పొరలుగా విరగ్గొట్టి తీసేయాలి. మిగిలినదాని మీద వెనిగర్‌లో తడిపిన గుడ్డ వేసి, ఆరిపోకుండా పైన ప్లాస్టిక్ కవర్ కప్పి అరగంట ఉంచాలి. ఎండిన బంక నీరు పీల్చుకుని మళ్ళీ ఉబ్బితేనే పులుపు లోపలికి పోతుంది. అప్పటికీ కదలకపోతే మందుల షాపులో దొరికే సర్జికల్ స్పిరిట్‌ను గుడ్డకు అద్ది అదమొచ్చు. ఇది తెల్ల జిగురుతో చేసిన స్లైమ్‌కే. పాలీవినైల్ అసిటేట్ స్పిరిట్‌లో కరుగుతుంది, తేట జిగురులోని పాలీవినైల్ ఆల్కహాల్ కరగదు సరికదా ఇంకా గట్టిపడుతుంది. స్పిరిట్ వాడేటప్పుడు గదిలో అగరబత్తి, దీపం, పొయ్యి ఏదీ వెలగకూడదు.

పెట్రోలు, కిరోసిన్ లాంటివి కార్పెట్ అడుగున పోగుల్ని పట్టి ఉంచే లేటెక్స్‌ను పాడుచేస్తాయి, నిప్పు భయం వేరే. తడిగుడ్డ వేసి ఇస్త్రీ పెట్టడం కూడా వద్దు. పాలీప్రొపిలీన్ సుమారు 160 డిగ్రీలకు కరిగిపోతుంది, ఇస్త్రీపెట్టె వేడి ఆ దరిదాపుల్లోకి ఇట్టే వెళ్తుంది. అన్నిటికన్నా గట్టిగా గుర్తుంచుకోవాల్సింది బ్లీచింగ్ పౌడర్ గురించి. మన ఇళ్ళలో బాత్రూముకీ సంపుకీ అది ఉండనే ఉంటుంది. వెనిగరో నిమ్మ ఉప్పో పడిన చోట మరక తెల్లబడుతుందని బ్లీచింగ్ పౌడర్ చల్లితే క్లోరిన్ వాయువు పుడుతుంది. తలుపులు మూసిన ఏసీ గదిలో, పిల్లలు పక్కన ఉండగా, అది ప్రాణం మీదికి తెస్తుంది. ఆ రెండూ ఒకే రోజు ఒకే చోటికి రాకూడదు.

మెరుపుల స్లైమ్ అయితే బంకంతా పోయినా తళుకులు మిగులుతాయి. కొన్నిట్లో అవి ప్లాస్టిక్ రేకులు, ముత్యపు మెరుపు ఉండేవాటిలో అభ్రకం పొడి. గనుల్లోంచి అభ్రకం తీసిన నెల్లూరు సీమ వాళ్ళకు ఆ పొడి ఎంత మొండిదో ఒకరు చెప్పనక్కర్లేదు. వెనిగర్‌కీ స్పిరిట్‌కీ దేనికీ కరగదు. కార్పెట్ పూర్తిగా ఆరాక వెడల్పాటి టేపును జిగురు వైపు తట్టి తట్టి ఎత్తాలి, తర్వాత వాక్యూమ్ పెట్టాలి. తడి మీద ప్రయత్నిస్తే ఇంకా లోపలికి పోతాయి.

ఆరబెట్టడం వేసవిలో తేలిక. మేడ మీద పిట్టగోడకు వేసి, వెనక వైపు ఎండకు పెడితే రంగు వెలవకుండా పూటలో ఆరుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానల్లో ఈ పని పడితేనే కష్టం. గాలిలోనే తేమ ఉంటుంది, అడుగు గుడ్డ రెండు రోజులైనా ఆరదు, ముక్కిపోయిన వాసన పట్టేస్తుంది. ఆ రోజుల్లో నీళ్ళు వీలైనంత తగ్గించి, కార్పెట్‌ను రెండు కుర్చీల మీదికి ఎత్తి కింద గాలి ఆడేలా పెట్టి, రాత్రంతా ఫ్యాను వేయాలి.

ఆరాక ఒకసారి ఆ చోట అరచెయ్యి ఆనించి, ఐదు సెకన్లు అదిమి ఎత్తి చూడాలి. పోగులు చేతికి అంటుకుని లేస్తే అడుగున ఇంకా బంక ఉన్నట్టే, వెనిగర్ ఇంకో విడత పడాలి. చెయ్యి శుభ్రంగా లేచిందంటే కార్పెట్‌ను మళ్ళీ సోఫా ముందు పరుచుకోవచ్చు.